రోజ్ మిల్క్ పొడి డబ్బా మీద రాయవలసిన మాటలు

మా పిన్ని, బాబాయి తూర్పు గోదావరి జిల్లాలో చాలా ఏళ్ళుగా ఒక చిన్న పొడుల యూనిట్ నడుపుతున్నారు. పాలలో కలుపుకొనే బాదం పొడి, రోజ్ మిల్క్ పొడి, బెల్లం వేసిన రాగి మాల్ట్, మజ్జిగలో వేసుకొనే మసాలా పొడి అక్కడ తయారవుతాయి. న్యూజెర్సీలో ఉంటున్న నేను వాటిని దిగుమతి చేసుకొని ఇక్కడి భారతీయ దుకాణాలకు అందించే పనిని కొన్నేళ్ళ కిందట మొదలుపెట్టాను. మొదటి సరుకులోనే రోజ్ మిల్క్ పొడి డబ్బాలన్నింటినీ రేవులో ఆపివేశారు; వాటిలో ఒక్కటి కూడా దుకాణానికి చేరలేదు. పొడిలో పురుగు లేదు, గడువు మీరలేదు, పిన్ని శుభ్రత విషయంలో ఎంత పట్టుదల గల మనిషో చూసినవారికి తెలుసు. పొరపాటు నాదే. మన దేశంలో అమ్మే డబ్బా మీద ఏముందో దానినే చూసి, వరుస కొంచెం మార్చి, అమెరికా లేబుల్‌గా అచ్చు వేయించాను. పాత లేబుల్‌ను పక్కన పెట్టి, పొడిలో ఏయే సరుకులు ఎంతెంత పడతాయో పిన్ని చేత చెప్పించుకొని, ఆ కొలతల నుంచే కొత్త లేబుల్ రాసి ఉంటే, ఎరుపు రంగు పేరు రాసే దగ్గరే నా చేయి ఆగిపోయి ఉండేది. ఇటువంటి పని మొదలుపెట్టాలని అనుకుంటున్న తెలుగువారు నన్ను తరచుగా అడుగుతున్నారు కాబట్టి, నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

రాజమహేంద్రవరం రోజ్ మిల్క్‌కు ఉన్న గులాబీ రంగును ఎవరూ మరిచిపోరు. మా పొడిలో ఆ రంగు కార్మోయిజిన్ వల్ల వచ్చేది. మన దేశంలో ఆహారంలో వాడటానికి అనుమతి ఉన్న ఎరుపు రంగులలో కార్మోయిజిన్, పాన్సో 4ఆర్, ఎరిత్రోసిన్ ముఖ్యమైనవి. డబ్బా మీద వాటిని 122, 124, 127 అనే ఐ.ఎన్.ఎస్. సంఖ్యలతో, అంటే ఆహారంలో కలిపే పదార్థాలకు అంతర్జాతీయంగా ఇచ్చిన సంఖ్యలతో చూపిస్తారు. వీటిలో మొదటి రెండింటికి అమెరికాలో ఆహారంలో అనుమతే లేదు. మూడవదైన ఎరిత్రోసిన్‌ను ఇక్కడ రెడ్ 3 అంటారు. 2025 జనవరిలో దాని అనుమతిని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అయిన ఎఫ్.డి.ఎ. రద్దు చేసి, ఆహార తయారీదారులు దానిని మానుకోవడానికి 2027 జనవరి 15 వరకు గడువు ఇచ్చింది. అనుమతి లేని రంగు ఉన్న ఆహారాన్ని ఇక్కడి చట్టం కల్తీ ఆహారంగానే లెక్కిస్తుంది; ఆ రంగు ఎంత తక్కువ పడిందన్నది, మరొక దేశంలో దానికి అనుమతి ఉందన్నది పరిగణనకు రావు. రంగుల విషయంలో దొరికిపోయిన సంస్థల సరుకును పరీక్ష కూడా లేకుండానే ఆపివేయడానికి 45-02 అనే దిగుమతి హెచ్చరిక ఒకటి చాలా కాలంగా అమలులో ఉంది.

లేబుల్‌లో మాత్రమే తప్పు ఉన్నప్పుడు, ఎఫ్.డి.ఎ. 766 అనే ఫారం పెట్టుకొని, వారి అనుమతితో కొత్త స్టిక్కర్లు అతికించి సరుకును విడిపించుకోవచ్చు. పొడిలోనే తప్పు ఉన్నప్పుడు స్టిక్కర్ ఏమీ చేయలేదు. తిరస్కరించిన సరుకును 90 రోజులలోగా తిరిగి పంపాలి, లేదా ధ్వంసం చేయాలి. తిరిగి పంపడానికి అయ్యే ఖర్చు సరుకు ఖరీదు కంటే ఎక్కువ అవుతోంది కాబట్టి, పిన్ని చేత్తో మూతలు బిగించిన ఆ డబ్బాలను ధ్వంసం చేయించాము. ఆ సంగతి ఆమెకు ఫోనులో చెప్పిన రోజు తలచుకుంటే నాకు ఇంకా బాధగానే ఉంది. "ఇన్నేళ్ళుగా ఇక్కడ పసిపిల్లలు కూడా తాగుతున్నదే కదమ్మా" అని మాత్రమే ఆమె అన్నది.

తరువాతి సారి బీట్‌రూట్ పొడి వాడాము. బీట్‌రూట్ పొడి, కుంకుమపువ్వు, పసుపు వంటి వాటిని అమెరికాలో రంగులుగా వాడుకోవచ్చు, వాటికి బ్యాచ్ ధ్రువీకరణ అవసరం లేదు. ఆ గులాబీ రంగు పాతదానికంటే వెలిసినట్లు ఉంటుంది, వెలుతురు తగిలే పారదర్శకమైన సీసాలో ఇంకా పాలిపోతుంది, అందువల్ల రేకు డబ్బాకు మారాము. కొందరు దుకాణదారులు రంగు చాలలేదని అన్నారు. నాకు మాత్రం ఈ రంగే బాగుందని అనిపిస్తుంది.

బాదం పొడి పసుపు రంగుతో మరొక చిక్కు వచ్చింది. మన డబ్బా మీద టార్ట్రజిన్ అని గాని, 102 అనే సంఖ్య గాని ఉంటుంది. అదే పదార్థం అమెరికాలో యెల్లో 5 అనే పేరుతో అనుమతి ఉన్న రంగు కాబట్టి, పేరు మారిస్తే సరిపోతుందని మొదట అనుకున్నాను. అది చాలదు. ఇక్కడ ఇటువంటి కృత్రిమ రంగులను తయారైన ప్రతి బ్యాచ్ నుంచి నమూనా తీసి ఎఫ్.డి.ఎ. పరీక్షించి, ధ్రువీకరించి, ఆ బ్యాచ్‌కు ఒక లాట్ నంబరు ఇస్తుంది. ఆ నంబరు లేని టార్ట్రజిన్ రసాయనపరంగా అచ్చంగా అదే అయినప్పటికీ యెల్లో 5 అనిపించుకోదు. రంగు అమ్మే వ్యాపారి దగ్గర ధ్రువపత్రం తీసుకొని, ఏ లాట్ రంగు మన ఏ బ్యాచ్ పొడిలో పడిందో పుస్తకంలో రాసి ఉంచుకోవాలి. బాబాయి ఆ లెక్కను ఇప్పుడు తన బిల్లు పుస్తకం కంటే జాగ్రత్తగా చూసుకుంటున్నారు.

రుచి విషయంలోనూ ఇటువంటి తేడాయే ఉంది. మన ప్యాకెట్ల మీద సహజ రుచులు, సహజసమాన రుచులు, కృత్రిమ రుచులు అనే మూడు తరగతులు కనిపిస్తాయి. సహజసమానం అంటే ప్రకృతిలో ఉన్న పదార్థాన్నే ప్రయోగశాలలో తయారుచేయడం. అమెరికా నిబంధనలలో ఈ మధ్య తరగతి లేదు. మొక్క నుంచో, జంతువు నుంచో తీసినదైతే సహజం, కాకపోతే కృత్రిమం. మా బాదం పొడిలో నిజమైన బాదంపప్పు పడుతుంది, ఆ వాసనను నిలబెట్టడానికి కొద్దిగా సహజసమాన బాదం ఎసెన్స్ కూడా పడుతుంది. డబ్బా పేరులో ఉన్న రుచిని కృత్రిమ రుచి ఏ కొంచెం బలపరిచినా, పేరు పక్కనే 'ఆర్టిఫిషియల్లీ ఫ్లేవర్డ్' అని ముందు వైపునే రాయాలి, ఆ అక్షరాల ఎత్తు పేరులోని అక్షరాల ఎత్తులో సగానికి తగ్గకూడదు. కిలోల కొద్దీ బాదంపప్పు కొని పొడి చేసే పిన్నికి ఈ మాట ముందు వైపు కనిపించడం అవమానంగా తోచింది. ఆమె ఎసెన్స్‌ను పూర్తిగా మానివేసి, బాదంపప్పు మోతాదు పెంచి, ఏలకులను అప్పటికప్పుడు దంచి వేయడం మొదలుపెట్టింది. ధర కొంత పెరిగింది. ఆ నిబంధన వల్ల పొడి రుచి మెరుగుపడిందని నేను మనస్ఫూర్తిగా చెప్పగలను.

అన్నింటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది అలర్జీ కలిగించే పదార్థాల దగ్గర. 2004లో వచ్చిన చట్టం ప్రకారం పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల వంటి గుల్ల జీవులు, చెట్టు గింజలు, వేరుశనగ, గోధుమ, సోయా అనే ఎనిమిదింటిని స్పష్టమైన పేర్లతో చూపించాలి. 2021 చట్టం వల్ల 2023 జనవరి 1 నుంచి నువ్వులు తొమ్మిదవదిగా చేరాయి. చెట్టు గింజలు అని గంపగుత్తగా రాస్తే చాలదు, బాదం, జీడిపప్పు, పిస్తా అని విడివిడిగా చెప్పాలి. మన ఇళ్ళలో ఈ తొమ్మిదింటిలో చాలా వాటిని ప్రమాదంగా ఎవరూ చూడరు. ఇక్కడ బడికి వెళ్ళే పిల్లల డబ్బాలో జీడిపప్పు పొడి కొంచెం పడినా ఆసుపత్రికి పరుగెత్తవలసి వచ్చే కుటుంబాలు నాకు తెలుసు. అటువంటి పిల్లల తల్లికి మన యూనిట్ తెలియదు, పిన్ని తెలియదు. ఆమెకు చేతిలో ఉన్న ఆధారం డబ్బా మీది చిన్న అక్షరాలు మాత్రమే.

మజ్జిగ మసాలా పొడిలో జీలకర్ర, శొంఠి, మిరియాలు, ఉప్పు, కరివేపాకు, ఇంగువ తప్ప మరేమీ లేవు కాబట్టి దానికి అలర్జీ హెచ్చరిక అక్కరలేదని నేను నమ్మాను. ఇంగువ డబ్బా తెప్పించి చూసినప్పుడు గాని అసలు సంగతి తెలియలేదు. మనం బజారులో కొనే ఇంగువలో అసలు ఇంగువ కొంతే. మిగిలినది పిండి, జిగురు. మేము వాడిన దానిలో పిండి గోధుమది. మన లేబుల్ మీద మేము ఇంగువ అన్న ఒక్క మాటతో సరిపెట్టినది, ఇక్కడ ఇంగువ లోపల ఏమేమి ఉన్నాయో కూడా విప్పి చెప్పాలి, గోధుమ ఉన్నదని స్పష్టంగా కనిపించేలా రాయాలి. గోధుమ పడనివారు మజ్జిగ తాగడానికి ఎందుకు సందేహించాలి? అందువల్ల బియ్యప్పిండితో చేసిన ఇంగువకు మారాము.

అంతకంటే కష్టమైన ప్రశ్న మర గురించి వచ్చింది. నువ్వుల పొడి, జీడిపప్పు పొడి, రాగి పిండి అన్నీ ఒకే పల్వరైజర్‌లో పడేవి. తయారీలో కలపని పదార్థం మర నుంచి అంటుకొని వచ్చే అవకాశం ఉందని చెప్పే 'మే కంటైన్' అనే హెచ్చరిక ఇక్కడ ఐచ్ఛికం. చట్టం దానిని తప్పనిసరి చేయలేదు, అయితే శుభ్రం చేయడం మానివేసి ఆ హెచ్చరిక వెనుక దాక్కోవడానికి అది వీలివ్వదు కూడా. బాబాయి నాతో, "తల్లీ, కడిగాక కూడా మూలల్లో నువ్వుల జిడ్డు పోదు, నేను మాట ఇవ్వలేను" అన్నారు. ఆ మాట విన్న తరువాత రాగి మాల్ట్ కోసం వేరుగా ఒక మర కొన్నాము.

ఇక పోషక విలువల పట్టిక. మన దేశంలో 100 గ్రాములకు లెక్క చూపించడం అలవాటు కాబట్టి, ఆ అంకెలనే పట్టికలో పెట్టేవారు చాలామంది ఉన్నారు. అమెరికాలో ఒక్కసారి తాగే పరిమాణాన్ని తయారీదారు తన ఇష్టం వచ్చినట్లు నిర్ణయించడానికి లేదు. పాలతో చేసిన పానీయాలకు 240 మిల్లీలీటర్లు ప్రామాణికం. పొడి అయినప్పుడు, అంత పానీయం కలపడానికి ఎంత పొడి కావాలో అదే ఒక వంతు (సర్వింగ్). మా పాత డబ్బా మీద 200 మిల్లీలీటర్ల పాలకు 20 గ్రాములు అని ఉండేది. ఆ లెక్కన ఇక్కడ ఒక వంతు 24 గ్రాములు అవుతుంది, 200 గ్రాముల డబ్బాలో సుమారు 8 వంతులు ఉంటాయి. ఆ 24 గ్రాములలో 18 గ్రాములు చక్కెర అయితే, అదనంగా చేర్చిన చక్కెర 18 గ్రాములు, రోజువారీ పరిమితి అయిన 50 గ్రాములలో 36 శాతం అని రాయాలి. అదనపు చక్కెరను వేరుగా చూపించాలన్న నియమం 2016లో ఖరారైన కొత్త పట్టికతో వచ్చింది, పెద్ద సంస్థలకు 2020 జనవరి నుంచి, చిన్నవాటికి 2021 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. ఒక్క గ్లాసుతో రోజు మొత్తానికి చెప్పిన చక్కెరలో మూడో వంతుకు పైగా లోపలికి పోతుందని ఆ పట్టిక వేసిన రోజే నాకు మొదటిసారి కళ్ళకు కట్టినట్లు కనిపించింది.

రాగి మాల్ట్ డబ్బా మీద మన దేశంలో 'చక్కెర లేదు, బెల్లం మాత్రమే' అని గర్వంగా రాసుకునేవాళ్ళం. ఇక్కడి నిబంధనలలో బెల్లం కూడా అదనంగా చేర్చిన చక్కెరే. అందువల్ల పట్టికలో ఆ గ్రాములన్నీ పడతాయి, చక్కెర కలపలేదన్న ప్రకటన ముందు వైపు ఉండటానికి వీలులేదు. రోగనిరోధక శక్తిని పెంచుతుంది, మధుమేహాన్ని అదుపులో ఉంచుతుంది వంటి మాటలను నేను పూర్తిగా తీసివేయించాను, ఎందుకంటే జబ్బును నయం చేస్తుందనో, అదుపు చేస్తుందనో చెప్పిన ఆహారాన్ని ఇక్కడ అనుమతి లేని మందుగా పరిగణిస్తారు. మన దగ్గర కూడా 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలను ఇటువంటి పొడులను ఆరోగ్య పానీయాల విభాగం నుంచి తొలగించమని కోరింది. ఆహార భద్రతా చట్టంలో ఆరోగ్య పానీయం అనే నిర్వచనమే లేదన్నది దానికి కారణం. రాగుల గొప్పదనం చెప్పడానికి రాగులు అన్న పేరు చాలునని నా నమ్మకం.

ముందు వైపు రాయవలసినవి తక్కువే. పదార్థం పేరు, కింది 30 శాతం స్థలంలో నికర బరువు ఉండాలి. బరువును ఔన్సులలోను, గ్రాములలోను రెండింటిలోను చూపించాలి. 200 గ్రాములు అంటే 7.05 ఔన్సులు. గుండ్రని డబ్బాకు ఎత్తును చుట్టుకొలతతో హెచ్చించి, అందులో 40 శాతాన్ని ముందు వైపుగా లెక్కిస్తారు, ఆ వైశాల్యాన్ని బట్టి అక్షరాల కనీస ఎత్తు నిర్ణయమవుతుంది. భారతదేశంలో తయారైనదని స్పష్టంగా ఉండాలి; 1930 నాటి సుంకాల చట్టం ప్రకారం ఆ గుర్తు సరిగా లేకపోతే సరుకు విలువలో 10 శాతం అదనపు సుంకం పడవచ్చు. గడువు తేదీ ఇక్కడ పసిపిల్లల పాలపొడికి తప్ప కేంద్ర చట్టం ప్రకారం తప్పనిసరి కాదు, అయినా మేము వేస్తున్నాము, అయితే నెలను అంకెలో కాక అక్షరాలలో వేస్తున్నాము, ఎందుకంటే 05/06 అన్నది మనకు జూన్ 5, ఇక్కడివారికి మే 6.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2002 నాటి చట్టం ప్రకారం తయారీ యూనిట్ ఎఫ్.డి.ఎ. దగ్గర నమోదు కావాలి, అమెరికాలో దానికి ఒక ప్రతినిధి ఉండాలి, ప్రతి సరి సంవత్సరంలో అక్టోబరు నుంచి డిసెంబరు లోపల నమోదును పునరుద్ధరించుకోవాలి. ఈ నమోదు అనుమతి కాదు, ఎఫ్.డి.ఎ. ఆమోదించినదని డబ్బా మీద వేసుకోవడం అబద్ధం చెప్పడమే, లేబుళ్ళను ముందుగా చూసి ఆమోదించే పద్ధతి అక్కడ లేనే లేదు. ఓడలో వచ్చే సరుకుకు కనీసం 8 గంటల ముందు సమాచారం ఇవ్వాలి. 2011 నాటి ఆహార భద్రతా ఆధునికీకరణ చట్టం వల్ల, విదేశీ సరఫరాదారు సురక్షితంగా తయారుచేస్తున్నాడని నిరూపించే పత్రాలు దిగుమతిదారు దగ్గర ఉండాలి, సరఫరాదారు సొంత పిన్ని అయినప్పటికీ ఉండాలి. చక్కెర 10 శాతం దాటిన పొడి మిశ్రమాలకు సుంకాల పట్టికలో కోటా నిబంధనలు ఉన్నాయి, వాటి వర్గీకరణను కస్టమ్స్ బ్రోకర్‌తో ముందే తేల్చుకోవాలి. పాలపొడి కలిసిన సరుకుకు పశువులకు వచ్చే గాలికుంటు వ్యాధి కారణంగా వ్యవసాయ శాఖ నిబంధనలు కూడా చూసుకోవాలి కాబట్టి, మా పొడులలో పాలపొడి వాడటం మానివేసి, కొన్నవారే పాలు కలుపుకొనేలా చేశాము.

నన్నారి పొడి కూడా పంపుదామని బాబాయి చాలాసార్లు అడిగారు. రాయలసీమలో వేసవి అంతా తాగే నన్నారిని ఇంగ్లీషులో ఇండియన్ సార్సపరిల్లా అంటారు, అమెరికాలో అనుమతి ఉన్న సహజ రుచుల జాబితాలో సార్సపరిల్లా ఉంది. కాని ఆ జాబితాలో ఉన్నది స్మైలాక్స్ జాతి మొక్క. మన నన్నారి, అంటే సుగంధిపాల వేరు, హెమిడెస్మస్ ఇండికస్, పూర్తిగా వేరే కుటుంబానికి చెందినది. పేరు కలిసిందని పంపితే అది మొదటి సరుకు విషయంలో చేసిన పొరపాటే అవుతుంది. అందుచేత నన్నారిని పక్కన పెట్టాను.

చివరగా, నాకు ఎంతో ఇష్టమైన విషయం మిగిలింది. డబ్బా ముందు వైపు 'బాదం పాల పొడి' అని తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలని మొదటి నుంచి నా కోరిక. అమెరికా నిబంధన ప్రకారం తప్పనిసరి వివరాలన్నీ ఇంగ్లీషులో ఉండాలి. డబ్బా మీద మరొక భాషలో ఏదైనా చెబితే, ఆ తప్పనిసరి వివరాలన్నీ ఆ భాషలో కూడా ఉండాలి. తెలుగులో పేరు ఒక్కటి రాసి ఊరుకోవడానికి వీలులేదు, పదార్థాల జాబితా, అలర్జీ హెచ్చరిక, పోషకాల పట్టిక, నికర బరువు అన్నీ తెలుగులో రాయాలి. బ్రోకర్ ఆ పేరును తీసివేయమని సలహా ఇచ్చారు, మూడు సరుకులు అలాగే ఇంగ్లీషు డబ్బాలతోనే వచ్చాయి.

నాలుగవ సరుకుకు రెండు భాషల డబ్బా వేయిస్తున్నాము. డబ్బా ఎత్తు అరంగుళం పెంచవలసి వచ్చింది. పట్టికను నేను, పిన్ని ఫోనులో గంటల తరబడి కూర్చొని రాశాము. పీచు, మాంసకృత్తులు, సున్నము అన్న పాత మాటలు రాయాలా, ఫైబర్, ప్రొటీన్, కాల్షియం అని రాయాలా అని చాలాసేపు తర్జనభర్జన పడ్డాము. దుకాణంలో నిలబడి చదివే పెద్దవారికి వెంటనే అర్థం కావాలని, పీచు అన్నదానిని ఉంచి, మిగిలిన రెండింటినీ అందరూ పలికే రూపంలో రాశాము. హెచ్చరిక వాక్యం మాత్రం పిన్నే చెప్పింది, నేను ఒక్క అక్షరం మార్చలేదు. "ఇందులో బాదంపప్పు ఉంది" అని అది ఇప్పుడు పదార్థాల జాబితా కింద, దళసరి అక్షరాలలో అచ్చుకు వెళ్ళింది.